మామిడి పిందె డిజైన్‌కి తల ఏది, తోక ఏది?

కొర్లగుంట కోడలు:

అందరికీ నమస్కారం. నవ్వులాటకి అడుగుతున్నది కాదు, దీని మీద మా ఇంట్లో రెండు పార్టీలు అయిపోయాయి.

హాల్లో కిటికీకి తెరలు కుట్టిద్దామని ఆన్‌లైన్లో బట్ట తెప్పించాను. మెరూన్ రంగు మీద పసుపు, నీలం మామిడి పిందెలు, ఒక్కోటి అరచెయ్యి అంత ఉంటుంది. లేబుల్ మీద మాత్రం ‘పైస్లీ’ అని రాసుంది. ఇంటి దగ్గర టైలర్‌కి ఇస్తే రెండు తెరలూ నీట్‌గానే కుట్టి తెచ్చాడు. తగిలించి వెనక్కి వచ్చి చూద్దును కదా, ఎడమ తెర మీద పిందెల కొసలు పైకి ఉన్నాయి, కుడి తెర మీద కిందకి ఉన్నాయి. ఆయన్ని అడిగితే, “డిజైన్‌కి పైనేంది, కిందేందమ్మా, ఎట్లున్నా పిందే కదా” అనేసి వెళ్లిపోయాడు.

మా అత్తయ్యది చిత్తూరు పక్కన పల్లె, పుట్టింటికి మామిడి తోట ఉంది. “కాయ చెట్టుకి ఎట్లా వేలాడుతుంది? కొస కిందకే కదా. కుడి పక్కదే కరెక్ట్” అంటుంది. మామయ్యేమో తన రిటైర్‌మెంట్ రోజు కప్పిన శాలువా బీరువాలోంచి తీసుకొచ్చి, “చూడండి, కొస పైకే ఉంది” అని చూపించారు. అత్తయ్య అదే శాలువాని రెండో చివర పట్టుకుని ఎత్తేసరికి అటు పక్క పిందెలు తలకిందులుగా కనిపించాయి. ఇక అక్కడి నుంచి ఎవరి మాట వాళ్లదే.

ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి. దీనికి పైన, కింద అని ఏమైనా ఉందా? పైస్లీ అన్నా మన మామిడి పిందె అన్నా ఒకటేనా, ఎక్కడి నుంచి వచ్చింది ఇది? అన్నిటికంటే ముఖ్యం, మళ్లీ బట్ట కొనాలా? అదే నా టెన్షన్.

---

గాంధీరోడ్డు బట్టలాయన:

అమ్మా, ముందు మీ ఇంటి పంచాయతీ తీరుస్తాను. మీ అత్తయ్యగారిది తప్పు కాదు, మామయ్యగారిదీ తప్పు కాదు. తప్పు టైలర్‌ది. పైన కిందా లేని డిజైన్లు ఉంటాయి గానీ మీరు చెప్పినదాన్ని బట్టి మీది ఆ రకం కాదు.

నేను తిరుపతిలో బట్టల కొట్లోనే పెద్దవాణ్ణి అయ్యాను. బేరం లేని మధ్యాహ్నాలు గల్లా దగ్గర కూర్చుని బట్టల చరిత్ర చదవడం నాకున్న పిచ్చి. మా వాడు సెల్ చూసుకుంటాడు, నేను ఇది చూసుకుంటాను. అందుకే కొంచెం పొడుగు రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

ఈ ఆకారాన్ని ప్రపంచమంతా తిప్పింది కాశ్మీరు శాలువా. శ్రీనగర్ ఉన్న లోయలో చలికి మామిడి చెట్టు బతకదు. అంటే ఆ నేతగాళ్లు మామిడికాయను చూసి దీన్ని పుట్టించి ఉండరు. మరి దేన్ని చూశారు? 1600ల నాటి మొఘల్ శాలువాల్లో అంచు దగ్గర పూల మొక్కలు వరుసగా నిలబడి ఉంటాయి. ఒక్కో మొక్కకీ సన్నని కాడ, నాలుగు ఆకులు, రెండు మూడు పూలు, కొన్నిటికి వేళ్లు కూడా ఉంటాయి. చుట్టూ బోలెడంత ఖాళీ వదిలేవాళ్లు. 1700ల్లో పూలు పెరిగాయి, ఖాళీ తగ్గింది. కొన్నిట్లో మొక్క కింద కూజా వచ్చి చేరింది, పైన చివరి పువ్వు పక్కకి వాలింది. 1800 వచ్చేసరికి పూలన్నిటినీ చుట్టి ఒక గీత బిగిసింది. కింద లావు, పైన వాలిన కొస. అదిగో, మీ తెర మీద ఉన్నది అదే. పర్షియా బట్టల్లోనూ ఇదే వంపు ఉంది. అక్కడ వాళ్లు గాలికి వంగిన సైప్రస్ చెట్టు అని చెప్పుకుంటారు. అదీ చెట్టే చూడండి.

కాబట్టి కాశ్మీరు లెక్కలో లావు వైపు వేరు, కొస వైపు చిగురు. వేరు కింద, చిగురు పైన. అదే మన పక్క వచ్చేసరికి జనం దాంట్లో కాయను చూశారు. చూడరా మరి? తోతాపురి కాయకి ఉండే ముక్కు, దీని కొస పక్కపక్కన పెట్టి చూడండి. కాయ అనుకున్నాక తొడిమ లావు వైపే కదా, మీ అత్తయ్యగారు అన్నట్టు కొస కిందకే వేలాడాలి. మొక్క అనుకుంటే ఒక దిక్కు, కాయ అనుకుంటే ఇంకో దిక్కు. మీ ఇంట్లో అదే జరిగింది.

ఇక ఆ శాలువా సంగతి. పొడుగు శాలువాలో పిందెలు రెండు చివర్లా ఉంటాయి. లావు వైపు కుచ్చుల దగ్గర, కొసలు మధ్యకి. భుజాన వేసుకున్నప్పుడు రెండు చివర్లూ కిందకి జారతాయి కాబట్టి రెండు పక్కలా మొక్కలు నిటారుగా నిలబడతాయి. అదే శాలువాని ఒక చివర పట్టుకుని ఎత్తితే ఆ పట్టుకున్న చివరవి తలకిందులే. నేసినవాడు ఒంటి మీద ఎలా పడుతుందో చూసుకుని నేశాడు, గోడకి తగిలించడానికి కాదు. తెర సంగతి వేరే. అది కడ్డీ నుంచి ఒకే పక్కకి వేలాడుతుంది కాబట్టి రెండు తెరలూ ఒకే దిక్కు ఉండాలి.

ఆ కాశ్మీరు నేత గురించి రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేను. దాన్ని కని నేత అంటారు. మనకి తెలిసిన నాడె అటూ ఇటూ పరుగెత్తడం అందులో లేదు. ఒక్కో రంగు దారాన్ని ఒక్కో చిన్న చెక్క పుల్లకి చుట్టి పెట్టుకుంటారు. వరుసలో పసుపు ఎంతమేర కావాలో అంతవరకే పసుపు పుల్ల వెళ్లి ఆగుతుంది, అక్కడ నీలం పుల్ల అందుకుంటుంది. ఏ వరుసలో ఏ రంగు ఎన్ని పోగులో తాలీం అనే గుర్తుల కాగితం మీద రాసి ఉంటుంది, దాన్ని చూసుకుంటూ నేస్తారు. నిండు శాలువా అంటే నెలలు, పని ఎక్కువైతే ఏడాది దాటుతుంది. అందుకే దాని ధర రాజులకీ రాణులకీ తప్ప అందేది కాదు.

ఈస్టిండియా కంపెనీ ఓడల్లో ఇవి లండన్ చేరాయి. 1798లో నెపోలియన్ సైన్యం ఈజిప్టు వెళ్లినప్పుడు అక్కడి నుంచి అధికారులు ఇంటికి శాలువాలు తెచ్చారు. ఆయన భార్య జోసెఫిన్‌కి వీటి మీద మోజు ఎక్కువ, పోగేసుకుంది. రాణి కప్పుకున్నాక ఊరుకుంటారా, అందరికీ కావాల్సొచ్చింది. సరుకు తక్కువ, ధర ఆకాశంలో. దాంతో బ్రిటన్‌లోనే అలాంటివి నేయడం మొదలుపెట్టారు. ముందు ఎడింబరోలో, నారిచ్‌లో. తర్వాత 1805 ప్రాంతంలో గ్లాస్గో పక్కనున్న పైస్లీ అనే ఊళ్లో. అప్పటికే ఆ ఊరు సన్న మస్లిన్లకీ, సిల్కు గాజ్ అనే పల్చటి బట్టకీ పేరుపడ్డ నేతగాళ్ల ఊరు. జకార్డ్ మగ్గం వచ్చాక ఎంత చిక్కు డిజైన్ అయినా అట్టల్లో రంధ్రాలు కొట్టేసి నేసేశారు. కాశ్మీరు శాలువా ధరలో చిన్న వంతుకే దొరికేసరికి ఇంగ్లండు మధ్యతరగతి పెళ్లికూతుళ్లంతా అవే కప్పుకున్నారు. 1842లో విక్టోరియా రాణి కూడా పైస్లీ శాలువాలు కొంది. మీ లేబుల్ మీద ఉన్న మాట ఆ ఊరి పేరే.

రెండిటికీ తేడా తెలియాలంటే తిరగేసి చూడాలి. కాశ్మీరు దాంట్లో రంగు ఎక్కడ అవసరమో అక్కడే తిరుగుతుంది కాబట్టి వెనక అనవసరపు దారాలు వేలాడవు. జకార్డ్‌లో ప్రతి రంగూ ఈ అంచు నుంచి ఆ అంచుకి పోవాల్సిందే. ముందు పక్క కనిపించనప్పుడు వెనక పక్క పొడుగ్గా పరుచుకుంటుంది. ఆ దారాలన్నీ ఉంటే శాలువా మోయలేనంత బరువవుతుందని వెనక కత్తిరించేసేవాళ్లు. వెనక చెయ్యి పెడితే గరుగ్గా తగులుతుంది. ఇప్పటికీ మా కొట్లో ఎవరైనా మంచి శాలువా అని తెస్తే నేను ముందు పక్క చూడను.

వ్యాపారం జోరుగా ఉన్నప్పుడు ఫ్రెంచి ఏజెంట్లు కాశ్మీరుకే వెళ్లి తమకి నచ్చిన డిజైన్లు ఇచ్చి నేయించుకునేవాళ్లు. పిందె సాగిపోయింది అప్పుడే. జానెడు ఉన్నది మూర దాటింది, ఒకదాంట్లో ఒకటి దూరి శాలువా అంతా పాకింది. కొన్నిట్లో నిజంగానే పైనా కిందా తెలియదు. నాకు మాత్రం ఆ పాత ఒంటి మొక్కే అందం, చుట్టూ ఖాళీ ఉంటేనే కంటికి ఆనుతుంది.

నేసినవాడికి మిగిలింది మాత్రం తక్కువ. కాశ్మీరులో శాలువా పన్ను కోసం ప్రత్యేకంగా ఒక శాఖే ఉండేది, నేతగాళ్లని పీల్చి పిప్పి చేసింది. 1865 ఏప్రిల్ 29న శ్రీనగర్ జల్దాగర్‌లో వాళ్లు ఊరేగింపు తీస్తే సైన్యాన్ని పంపారు, మనుషులు చనిపోయారు. 1870లో ఫ్రాన్సు, ప్రష్యా యుద్ధంతో పెద్ద గిరాకీ పోయింది. అదే సమయానికి యూరప్ ఆడవాళ్ల గౌన్లకి వెనక పక్క ఎత్తు పెట్టే ఫ్యాషన్ వచ్చింది, దాని మీద శాలువా కప్పితే ఆ ఎత్తు కనపడదని మానేశారు. 1877లో మొదలైన కరువు మిగిలినవాళ్లని తినేసింది. పైస్లీలోనూ ఇంచుమించు అప్పుడే మగ్గాలు ఆగాయి.

శాలువా పోయినా పిందె పోలేదు. అచ్చులకి ఎక్కింది, మెడకి కట్టే టైల మీదకి, పరుపు గలీబుల మీదకి, చేతి రుమాళ్ల మీదకి వెళ్లింది. 1960ల్లో పాటలు పాడే కుర్రాళ్లంతా పిందెల చొక్కాలే. 1968లో ఫెండర్ అనే గిటార్ కంపెనీ గులాబీ రంగు పిందెల వాల్‌పేపర్ అంటించి మరీ గిటార్లు అమ్మింది. ఇళ్లల్లో సోఫా బట్టలకి మళ్లీ పెద్ద గిరాకీ తెచ్చింది ఇటలీలోని ఎత్రో కంపెనీ, 1980ల్లో. మీరు కొన్నది ఆ దారిలో వచ్చిన డిజైనే.

ఇప్పుడు అసలు విషయం. కొత్త బట్ట కొనకండి. తెర అనేది నాలుగు మూలల ముక్క. తప్పుగా ఉన్నదాని పై మడతా కింది మడతా విప్పి, తిప్పి కుట్టిస్తే సరిపోతుంది. పైన టేపు వేసి కుచ్చులు పెట్టి ఉంటే గంట పని. స్టీలు రింగులు కొట్టేసి ఉంటే మాత్రం ఆ రంధ్రాలు కింద పక్కకి వస్తాయి. అది ఎలా ఉందో చెప్పండి.

---

మదనపల్లె మగ్గం:

బట్టలాయనకి నమస్కారం. బాగా రాశారు. కానీ పిందె మొత్తం కాశ్మీరు నుంచి వచ్చినట్టు రాస్తే మాకు కొంచెం గుచ్చుకుంటుంది అన్నా. ఈ పక్క మామిడాకు లేకుండా గుమ్మం లేదు, మామిడి పిందెల హారం లేకుండా పెళ్లికూతురు లేదు. శాలువా ఈ పక్కకి రాకపోయినా మనోళ్లు ఆ కాయని ఎక్కడో ఒకచోట పెట్టుకునేవాళ్లే.

తలా తోకా గురించి అయితే పట్టుచీరలో రోజూ చూసేదే. రెండు అంచుల్లోనూ పిందెలు ఎదురెదురుగా ఉంటాయి, కొసలు చీర లోపలికి. కట్టుకున్నప్పుడు కింది అంచు పిందె నిలబడుతుంది, పై అంచుది తలకిందులవుతుంది. అది నడుము దగ్గర దోపుళ్లలోకి పోతుంది, ఎవరు చూస్తారు? కొంగులో మాత్రం చూసుకోవాలి. కొంగు వీపు మీద పడినప్పుడు పిందె కొస భుజం వైపు ఉంటేనే నిండుగా ఉంటుంది. డిజైన్ అట్టలు కొట్టేవాడు కొంగు దగ్గర దిక్కు తప్పితే చీర చీరంతా పక్కన పెట్టాల్సిందే. వెంకటగిరి జామ్దానీలో ఆ బెంగ తక్కువ, అక్కడ బుటా బుటాకి చేత్తో దారం పెడతారు కాబట్టి తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది.

---

గాంధీరోడ్డు బట్టలాయన:

తమ్ముడూ, పేచీ లేదు. మామిడిని మనం ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోలేదు. నేను చెప్పింది ఆమె తెర మీదున్న రకం గురించి. కొంగు మాట మంచి మాట చెప్పావు, శాలువాలోనూ సరిగ్గా అదే లెక్క.

---

స్వర్ణముఖి గట్టు:

మాది శ్రీకాళహస్తి, కలంకారీ పని. పైన అందరూ మగ్గం మీద చెప్పారు కాబట్టి కలం గురించి నేను చెప్తాను అక్కా.

మగ్గంలో, అచ్చులో పిందె ఎటు ఉంటే అటే. మాకు మూల వస్తే అక్కడ పిందెని వంచేస్తాం. అంచు గీసుకుంటూ మూల దగ్గరికి వచ్చేసరికి స్థలం తక్కువైతే కొస ఇంకాస్త చుట్టుకుంటుంది, ఎక్కువైతే పక్కన ఒక మొగ్గ వస్తుంది. అందుకే చేతిపనిలో రెండు పిందెలు అచ్చం ఒకేలా ఉండవు.

బట్టని ముందు కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతాం. పాల జిడ్డు ఉంటేనే రంగు పక్కకి పాకదు. చింతపుల్లల బొగ్గుతో లీలగా ఆకారం పెట్టుకుంటాం. తర్వాత వెదురు కలంతో కసిమి. అంటే తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెట్టిన నీళ్లు. కలానికి చుట్టిన గుడ్డ దాన్ని పీల్చుకుంటుంది, వేలితో మెల్లిగా నొక్కితే మొనకి దిగుతుంది. పిందెని నేను లావు వైపు నుంచే మొదలుపెడతా. పొట్ట తిప్పి కొస దాకా ఒకే ఊపున రావాలి, మధ్యలో ఆగితే అక్కడ చుక్క పడి గీత లావవుతుంది. కసిమి గీసినప్పుడు లేతగా ఉంటుంది, కరక్కాయ తగిలిన బట్ట మీద చూస్తుండగానే నల్లబడుతుంది. ఎర్ర రంగు రావాల్సిన చోట పటిక నీళ్లు పెట్టి, ఆ తర్వాత ఎర్ర రంగు వేరు వేసి బట్టని ఉడకబెడతాం. పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది.

బందరు పక్క పెడనలో టేకు చెక్క అచ్చులతో వేస్తారు. పర్షియా వ్యాపారం ఆ రేవు నుంచి నడిచింది కాబట్టి వాళ్ల పనిలో తీగలు, పిందెలు ఎక్కువ. మాది గుడి పని, దేవుళ్ల కథలు. పిందెలు మాకు అంచుల్లోకి, ఇప్పుడు చీరల్లోకి, దిండు గలీబుల్లోకి వచ్చాయి.

మిషన్ ప్రింటు బట్టకి కలంకారీ అని పేరు పెట్టి అమ్ముతున్నారు, చాలామంది మోసపోతున్నారు. పిందెలో ఎక్కడైనా చిన్న లోపం కనిపెట్టండి, గీత తెగడమో చుక్క జారడమో. అదే లోపం ప్రతి పిందెలోనూ అదే చోట ఉంటే అది కలంతో గీసింది కాదు, అచ్చుదో మిషన్‌దో. తర్వాత బట్ట తిరగేయండి. మా కసిమి గీత వెనక్కి దిగుతుంది, ప్రింటుకి వెనక తెల్లగా పాలిపోయి ఉంటుంది.

ఎప్పుడైనా తెరలకి నిజమైన కలంకారీ కొంటే పడమటి కిటికీకి వేయకండి. తిరుపతి ఎండకి పసుపు ముందు పోతుంది, ఎరుపు, నలుపు నిలబడతాయి. వేయాల్సొస్తే వెనక లైనింగ్ బట్ట తప్పనిసరి. విడిగా చన్నీళ్లలో ఉతికి నీడలో ఆరేయండి.

---

కొర్లగుంట కోడలు:

ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు, చాలా థ్యాంక్స్. బట్టలాయన రాసింది గట్టిగా చదివి వినిపించాను. శాలువా మామయ్య భుజాన వేసి చూస్తే రెండు పక్కలా పిందెలు నిజంగానే నిలబడ్డాయి. అత్తయ్య ఒప్పుకోలేదు గానీ ఊరుకుంది.

నా తెరలకి స్టీలు రింగులే కొట్టారు సార్, ఒక్కో తెరకి పైన ఎనిమిది. కడ్డీ నుంచి నేల దాకా 7 అడుగులు. బట్ట ఇంకా అర మీటరు మిగిలింది. ఇంకొక్క డౌట్, నా బట్టకి ఏ దిక్కు సరైనదో ఎలా తెలుసుకోవాలి?

---

గాంధీరోడ్డు బట్టలాయన:

దిక్కు తెలుసుకోవడం సులభం. పిందెల మధ్య సన్న తీగలో, చిన్న పూలో ఉంటాయి కదా, వాటి కాడలు చూడండి. కాడ ఏ పక్క నుంచి మొదలైతే అది కింద. కాడలు కూడా నాలుగు పక్కలకీ ఉంటే మీ ఇష్టం, రెండు తెరలూ ఒకటే ఉంటే చాలు.

రింగులు కొట్టారు కాబట్టి తప్పుగా ఉన్న తెరలో రింగులున్న పట్టీని రంధ్రాలతో సహా కత్తిరించేయండి. 5 అంగుళాలు పోతాయి. పోయిన ఆ పొడవుకి కింద మిగిలిన అర మీటరు లోంచి అతుకు వేయొద్దు, పిందె మధ్యలో తెగి అతుకు ఎదురుగా కనపడుతుంది. సాదా మెరూన్ బట్ట తెచ్చి రెండు తెరలకీ కింద పట్టీ వేయించండి, కావాలనే పెట్టినట్టు ఉంటుంది. మంచి తెరకి కూడా కింద అంతే తీసేసి పట్టీ వేస్తేనే రెండూ సమానంగా కనిపిస్తాయి. కొత్త రింగులు కొట్టించే ముందు రెండిటినీ పక్కపక్కన పరిచి ఎడమ తెర పసుపు పిందె, కుడి తెర పసుపు పిందె ఒకే ఎత్తులో ఉన్నాయా చూసుకోమని చెప్పండి.

ఇంకోసారి కొనేటప్పుడు ఒక పిందె కొస నుంచి మళ్లీ అదే రంగు, అదే పిందె కొస దాకా టేపు పెట్టి కొలవండి. అది 25 అంగుళాలు అనుకుందాం. మీ తెరకి 84, మడతలకి 12, మొత్తం 96 అంగుళాలు కావాలి. కానీ డిజైన్ కలవాలంటే 25 చొప్పున నాలుగు సార్లు, అంటే 100 కొనాలి. తెరకి ఆ 4 అంగుళాలు మిగుల్చుకుందామని చూస్తేనే ఒకటి ఎత్తు, ఒకటి పల్లం అవుతుంది.

మిగిలిన అర మీటరు పారేయకండి, పిందె సరిగ్గా మధ్యలో వచ్చేట్టు కోస్తే ఒకటో రెండో కుషన్ కవర్లు వస్తాయి. వాటిని మీ అత్తయ్యగారికి వదిలేయండి, కొస కిందకి పెట్టించుకుంటారు.

---

కొర్లగుంట కోడలు:

కాడలు చూశాను, లావు వైపు నుంచే ఉన్నాయి. ఎడమ తెర సరైనది, కుడిది విప్పాలి. ఈసారి పక్కన నిలబడి కుట్టిస్తా. కుషన్ కవర్ల మాట చెప్తే అత్తయ్య రెండు కాదు, నాలుగు కావాలంటోంది. ఆ బట్ట ఇంకో మీటరు మీ కొట్లో ఏమైనా దొరుకుతుందా సార్?